ఏడో నంబరు గుండె

తేజోన్
మార్చి

మానోక్ పిన్నికి,

మొన్న ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే “ఆఁ, తిన్నాను, తిన్నాను” అని పెట్టేశావు. బతుకంతా సముద్రం అడుగున మునిగి చెవులు పోగొట్టుకున్న మనిషికి ఫోన్ చేయడం నా బుద్ధితక్కువ. ఇక నుంచి ఉత్తరాలే రాస్తాను. నువ్వూ రాయి. నీ రాత కోడి గెలికినట్టుంటుందని చిన్నప్పుడు ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఏడిపించను.

సంగతేమిటంటే, నా బొమ్మ తయారైంది. చలిమంట దగ్గర అందరితో “మా పిల్ల అక్కడెక్కడో బొమ్మలు చేస్తుంది” అని చెబుతావట, ఆ బొమ్మే. వేలెడంత పట్టీ. రబ్బరు సూటు లోపల ఛాతీ మీద అంటించుకోవాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ కూడా కంటికి కనపడనంత సన్నగా అదురుతుంది. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే అందులోని ఫోటో కూడా అడ్డంగా తిరుగుతుంది చూడు, కదలికను పసిగట్టే ఆ సెన్సరే ఇందులోనూ ఉంది. అది ఛాతీ అదురును పట్టుకుని గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. చేతి గడియారాల్లో వెలుగు వేసి చూసే రకం చన్నీళ్ళలో పనిచేయదు, ఇది చేస్తుంది. ఒకటే షరతు. ఈదేటప్పుడు ఒళ్ళంతా కదులుతుంది కాబట్టి గుండె అదురు అందులో కొట్టుకుపోతుంది. పైకొచ్చి, వలసంచి వేలాడదీసి నీళ్ళ మీద వదిలే మీ తేలుబుర్ర పట్టుకుని ఊపిరి తీసుకునేటప్పుడు కాసేపు కదలకుండా ఉండాలి. పట్టీ చెప్పేది మీ మునిగేవాళ్ళ సంఘం షెడ్డు మీద పెట్టే ఒక పెట్టె విని నాకు పంపుతుంది. మన ఇంటి వంటగది దాకా ఆ పెట్టెకి అందుతుంది.

ఎందుకు చేశానో నీకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మ పోయిన రోజు ఆమె తేలుబుర్ర నీళ్ళ మీద తేలుతూనే ఉంది. బుర్ర ఉంది కాబట్టి మనిషి కింద నాచు కోస్తోందని అందరూ అనుకున్నారు. గుండె ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి నువ్వు తడి సూటుతోనే మా గుమ్మంలో కూర్చుని ఉన్నావు. అప్పటి నుంచి నువ్వే నన్ను పెంచావు. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు పిన్నీ.

మొదటి పట్టీలు మన గల్‌మొరికే పంపుతున్నాను. నువ్వు వేసుకుంటే మిగతావాళ్ళూ వేసుకుంటారు. నీది ఏడో నంబరు. దయచేసి దాన్ని కిమ్చీ జాడీ కింద దాచెయ్యకు.

నీ
బోరమ్

~

గల్‌మొరి
ఏప్రిల్

బోరమ్‌కి పిన్ని రాసేది,

నీ బొమ్మలు వచ్చాయి. చలిమంట చుట్టూ కూర్చుని సూట్లు తొడుక్కుంటుంటే మా సంఘం పెద్ద గ్యోంగ్‌రే ఒక్కొక్కరికీ పంచింది. ఇక చూడు గోల.

“గుండె కొట్టుకుంటోందో లేదో చూడ్డానికి యంత్రం ఎందుకే? నోరు కొట్టుకుంటోందిగా, చాలదూ?” అంది గ్యోంగ్‌రే.

“మా ఆయన పోయాక నా గుండెల మీద చెయ్యేసింది మీ బోరమ్ పట్టీయే అక్కా!” అంది ఉన్‌జా. నవ్వలేక చచ్చాం. ముసలిది ఒకత్తి దగ్గొచ్చి బయటికి పోయింది.

ఉన్‌జా నీకు గుర్తుందా? మన గోడ పక్కింటి కోడలు. కొరియా గడ్డ మీద నుంచి పెళ్ళి చేసుకుని మా దీవికి వచ్చినప్పుడు మోకాలి లోతు నీళ్ళు చూసి ఏడ్చేది. నేనే మెడ పట్టుకుని ముంచి ముంచి నేర్పాను. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. మాలో అదే పడుచుపిల్ల. మేమిద్దరం ఒకే చోట మునిగి ఒకే చోట తేలుతాం. మాలో ఎవరూ ఒంటరిగా దిగకూడదని నీకు తెలుసు కదా. పైకి రాగానే మేం వేసే ఊపిరి ఈల నాకిప్పుడు వినపడదు. అందుకని అది ఈల వేసి, చెయ్యి కూడా ఊపుతుంది. దాని పట్టీ పన్నెండో నంబరు.

కదలకుండా ఉండమన్నావు. సముద్రంలోకి దిగినదాన్ని కదలకు అని చెప్పినది లోకంలో నువ్వొక్కత్తివే. అయినా ఉన్నాను. బుర్రకి గడ్డం ఆనించి రాయిలా పడి ఉన్నాను. పట్టీ కింద చర్మం దురద పెడుతోంది. నీళ్ళలో గోక్కోవడానికి లేదు కదా, నీ పేరు చెప్పి తిట్టుకున్నాను. చేపలన్నీ విన్నాయి.

ఈసారి నత్తలు తక్కువ. రాళ్ళ మీద నాచు చచ్చి సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతోంది. నీళ్ళు వేడెక్కాయంటున్నారు. నాచు లేకపోతే నత్త ఏం తింటుంది? ఎండబెట్టిన నాచు పంపుతున్నాను, పులుసు పెట్టుకో. డబ్బాల్లో నూడుల్స్ తిని బతకకు.

నీ పిన్ని

~

తేజోన్
ఏప్రిల్ చివర

పిన్నికి,

నాచు అందింది. పులుసు పెట్టుకున్నాను, నీ చేతి రుచి రాలేదు.

నీ లెక్కలు చూశాను. పెద్ద సంగతేం కాదు. ఏడో నంబరు గుండె అక్కడక్కడా కాస్త తడబడుతోంది, అంతే. రెండు దెబ్బలు వెంట వెంటనే పడి, తర్వాతది కొంచెం ఆలస్యంగా వస్తోంది. నీ వయసులో చాలామందికి ఉంటుంది. కంగారు పడొద్దు. అయినా జెజు నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళి ఒక్కసారి చూపించుకో. పోస్టులో నీ గుండె గీత కాగితం పంపుతున్నాను, డాక్టరుకి ఇవ్వు. నువ్వు చదవక్కర్లేదు, నీకు అర్థం కాదు.

ఇంకో మాట. వేసవి నుంచి ఈ లెక్కలు గ్యోంగ్‌రే పెద్దమ్మ ఫోన్‌కి కూడా వెళ్తాయి. గుండె బాగుంటే పచ్చ, బాగోకపోతే ఎరుపు. ఎరుపు వచ్చినవాళ్ళు సముద్రంలోకి దిగకూడదని మీ సంఘమే చేతులెత్తి తీర్మానం చేసిందట కదా. ఆ చేతుల్లో నీదీ ఉందని పెద్దమ్మ చెప్పింది. కాబట్టి త్వరగా వెళ్ళు. మందులతో సర్దుకునేదే అయ్యుంటుంది.

దిగే ముందు ఆ తలనొప్పి పొడి మింగడం మానెయ్. మింగుతున్నావని నాకు తెలుసు.

బోరమ్

~

గల్‌మొరి
మే

బోరమ్‌కి,

ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. నీకంటే చిన్న డాక్టరు. నీ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “అవ్వా, మీ గుండె ఎద్దు గుండె” అన్నాడు. మాత్రలు రాశాడు, కొనుక్కున్నాను. అయిపోయింది. ఇంక నన్ను దాని గురించి అడక్కు.

పట్టీ వంకరగా అంటించుకున్నానేమో అనిపించి ఉన్‌జా చేత మళ్ళీ సరిగ్గా అంటించుకున్నాను. ఇక బాగానే చెబుతుంది చూడు.

గ్యోంగ్‌రే నా దగ్గరికొచ్చి చెవిలో అరిచింది. “మానోక్! ఇంక నువ్వు అవ్వల సముద్రంలో దిగరాదూ? అక్కడ లోతు లేదు, హాయిగా ఉంటుంది!” నడుము లోతు దాటని ఆ నీళ్ళు ముసలివాళ్ళకి వదిలేసిన చోటు. మా అత్త చివరి రోజుల్లో అక్కడే పీతల్ని తరుముకునేది. నేను అందరికంటే లోతుకి దిగే పై తరగతి మనిషిని బోరమ్. నా ఊపిరికి ఈ ఊళ్ళో జోడీ ఉండేది కాదు. నల్లబండ దగ్గర నేనూ మీ అమ్మా దిగితే మిగతావాళ్ళు చూస్తూ నిలబడేవాళ్ళు. “నీ పళ్ళు పీతలకి వేసి రా, నేను తర్వాత వస్తా” అన్నాను గ్యోంగ్‌రేతో. నవ్వింది కానీ మళ్ళీ అడుగుతుంది. నాకు తెలుసు.

మొన్న ఒకటి జరిగింది. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఒడ్డుకి రాబోతుంటే నా వలసంచి బరువుగా తగిలింది. చూస్తే నేను ఏరని నత్తలు. ఉన్‌జా తన సంచిలోంచి గుప్పెడు తీసి నా సంచిలో పడేసింది. మాలో అది ఎప్పటి నుంచో ఉన్న మర్యాదే. సంచి తేలికైన వాళ్ళకి, కొత్తగా నేర్చుకునే వాళ్ళకి, ముసలివాళ్ళకి పక్కవాళ్ళు అలా వేస్తారు. మాట అనరు. తీసుకున్నవాళ్ళూ మాట అనరు. నేను ఎంతమంది సంచుల్లో వేశానో. దీనికే వేశాను, ఇది ఏడుస్తూ ఉత్త సంచితో తేలిన రోజుల్లో. నా సంచిలో ఒకరు వేయడం ఇదే మొదలు. ఇంటికొచ్చి ఆ నత్తలు ఉడికించి తిన్నాను. రుచిగానే ఉన్నాయి. తింటూ ఏడ్చాను.

నీ పిన్ని

~

తేజోన్
జూన్

బంగారు పిన్నికి,

ఎగిరి గంతెయ్యాలనుంది! ఈ నెలంతా నీ గుండె చూసుకో, ఎంత చక్కగా కొట్టుకుంటోందో. నాకంటే నీదే బాగుంది. ఆ మాత్రలు రాసిన కుర్ర డాక్టరుకి ఒక బుట్ట కమలాలు పంపు, డబ్బులు నేనిస్తాను.

ఇంకా వినాలి నువ్వు. మా ఆఫీసులో అందరి ముందూ మన గల్‌మొరి లెక్కలు చూపించాను. ఏడో నంబరూ పన్నెండో నంబరూ పక్కపక్కన పెడితే, ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోంది, ఒకటి తగ్గితే రెండోదీ తగ్గుతోంది. నువ్వూ ఉన్‌జా అత్తా! ఒకే లోతుకి దిగి, ఒకే ఊపిరి బిగబట్టి, ఒకే బుర్ర పక్కన తేలే ఇద్దరు ఆడవాళ్ళ గుండెలు కూడా ఒకేలా కొట్టుకుంటాయని చెప్పాను. 

మా పై అధికారి నవ్వాడు. “బోరమ్ గారూ, రెండు పట్టీలూ ఒకే మనిషి మీద లేవు కదా? ఒకసారి చూసుకోండి” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీరెప్పుడైనా జోడీగా మునిగే వాళ్ళని చూశారా? నేను వాళ్ళ మధ్య పెరిగాను” అన్నాను. ఆయన తన కాఫీ కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. బాగా అయింది.

నీ గురించి ఇంత ధీమాగా నేనెప్పుడూ లేను పిన్నీ. చిన్నప్పుడు నువ్వు సముద్రానికి వెళ్ళిన ప్రతి రోజూ తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేదాన్ని. ఇప్పుడు పొద్దున్న లేవగానే తెర మీద ఏడో నంబరు చూసుకుని, అప్పుడు కాఫీ తాగుతున్నాను.

నీ
బోరమ్

~

గల్‌మొరి
జూలై

బోరమ్‌కి,

మీ అమ్మ తిథి చేశాను. నువ్వు రాలేనన్నావు, సరే. బార్లీ గంజి సారా పోశాను, ఉప్పుచేప కాల్చాను, బక్‌వీట్ పిండితో అట్లు వేశాను. ఉన్‌జా వచ్చి సాయం చేసింది.

మా గుండెల సంగతి పదిమందిలో చెప్పొద్దు. ఆడవాళ్ళ గుండెల గురించి ఆఫీసుల్లో ఏం మాట్లాడతారు, అసహ్యంగా. ఉన్‌జా కూడా సిగ్గు పడింది. మీ అధికారితో కూడా గొడవ పడకు. పెద్దవాడు, ఏదో అంటాడు.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. నత్తలు పట్టకూడని నెలలు కాబట్టి పని తక్కువ. ఇంకేం రాయాలో తెలియడం లేదు. తిను.

నీ పిన్ని

~

తేజోన్
అక్టోబరు

పిన్నీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను, మళ్ళీ రాస్తున్నాను.

నాకు రోజూ వచ్చేవి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందనే లెక్కలు మాత్రమే. పట్టీ విన్న అదురంతా మీ షెడ్డు మీది పెట్టెలోనే ఉంటుంది. ఏప్రిల్‌లో నీ గుండె గీత కోసం తెప్పించుకున్నట్టే, నత్తల కాలం మళ్ళీ మొదలైంది కదా అని ఆ పెట్టెలో ఉన్నదంతా తెప్పించుకున్నాను. నీదీ ఉన్‌జా అత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. గొప్పగా రాద్దామనుకున్నాను మీ ఇద్దరి గురించి. అందంగా ఒక బొమ్మ గీయించి మీకు పంపుదామనుకున్నాను.

ఉన్‌జా అత్త దగ్గింది పిన్నీ. పన్నెండో నంబరులో దగ్గు కనపడుతోంది. అదే క్షణంలో ఏడో నంబరులోనూ అదే దగ్గు. అల వచ్చి తోస్తే రెండూ ఒకేసారి ఊగాయి. ఒకే ఛాతీ. మే నెల నుంచీ ఒకే ఛాతీ. నా అధికారి చెప్పింది నిజం. నేను ఆయన మీద అరిచాను.

నువ్వు నా చేత పండగ చేయించావు. నేను పొద్దున్నే లేచి ఎవరి గుండె చూసుకుని కాఫీ తాగానో తలుచుకుని ఈ పొద్దున కాఫీ సింకులో పారబోశాను. నిన్ను కాపాడటానికి చేసిన దాన్ని నువ్వు తీసి పక్కింటామెకి కట్టావు. అమ్మ బుర్ర తేలుతూ ఉంటే బతికే ఉందనుకున్నారు. ఇప్పుడు నువ్వు నాకు అలాంటి బుర్రే ఒకటి చూపించావు. ఇంకొకరు చేస్తే నేను ఏడ్చేదాన్ని కాదు.

గ్యోంగ్‌రే పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే నిన్ను దింపరు, ఉన్‌జా అత్తనీ దింపరు, ఊరంతా తెలుస్తుంది. నీ అంతట నువ్వు మానెయ్. మానేశానని రాయి. లేకపోతే చెప్పేస్తాను. ఒట్టు.

బోరమ్

~

గల్‌మొరి
అక్టోబరు

నా తల్లీ,

నీ ఉత్తరం ఉన్‌జాకి చదివి వినిపించాను. అది గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. “నా దగ్గు వల్లే కదా అక్కా” అంటుంది పిచ్చిది. దాన్ని ఏమీ అనకు. తప్పంతా నాది.

నిన్ను ఒకటి అడుగుతాను. పెద్ద సంగతేం కాదు అని రాశావు. కాస్త తడబాటు అని రాశావు. ఆ కాగితం ఇవ్వగానే డాక్టరు కుర్చీలోంచి లేచాడు. “ఇది చిన్న విషయమని మీకెవరు చెప్పారు?” అన్నాడు. ఈ గుండెతో మేడ మెట్లు ఎక్కడమే ఎక్కువ, నీళ్ళలో ఊపిరి బిగబడితే ఏ మునకకైనా ఆగిపోవచ్చు అన్నాడు. వినపడలేదని చెబితే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. నీకు ముందే తెలుసు. నన్ను భయపెట్టకూడదని దాచావు. నేనూ నిన్ను భయపెట్టకూడదనే దాచాను. ఎద్దు గుండె అన్నది ఆయన కాదు, నేనే.

ఇంటికొచ్చి ఉన్‌జాకి చెప్పాను, ఇంక ఎరుపు వస్తుందే, నన్ను దింపరే అని.  మర్నాడు సూటు తొడుక్కునేటప్పుడు అది నా చేతిలోంచి పట్టీ తీసుకుని తన పట్టీ పక్కనే అంటించుకుంది. అంతే. నా సంచి తేలికైతే నత్తలు వేసింది. నా గుండె తేలికైందంటే తన గుండెలోంచి గుప్పెడు వేసింది. అది దానికి మోసంలా అనిపించలేదు బోరమ్, ఒట్టు, నాకూ అనిపించలేదు. మాలో అడిగి వేయరు. వేసిందాన్ని తిరిగి ఇవ్వరు.

ఒడ్డు మీద నేనెందుకూ పనికిరాను. ఇక్కడ నాకు వినపడదు, మోకాళ్ళు వంగవు, జనం నా మొహంలోకి వచ్చి అరుస్తారు. నీళ్ళ కింద ఎవరికీ వినపడదు. అక్కడ నేను చెవిటిదాన్ని కాను, ముసలిదాన్ని కాను. ఇదంతా నీకు చెప్పి ఏం లాభం.

సరే. మానేస్తున్నాను. రాయమన్నావు, రాశాను. మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బెల్టు అటక మీద పెట్టేశాను. గ్యోంగ్‌రేకి మోకాళ్ళ నొప్పులని చెబుతాను. పట్టీ ఇంట్లోనే వేసుకుంటాను. వంటింటి దాకా అందుతుందన్నావు కదా, పొద్దున్నే చూసుకో, నీ కాఫీ తాగు.

నీ పిన్ని

~

తేజోన్
డిసెంబరు

పిన్నికి,

నీ మీద కోపం పోయింది. నా మీద పోలేదు. తడబాటు అని ఎందుకు రాశానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ గీత చూసిన రోజు ఆఫీసు బాత్రూములో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, పెద్ద సంగతేం కాదు అని రాశాను. సరిగ్గా రాసుంటే నువ్వు ఆ రోజే మానేసేదానివేమో. ఇంక ఆ మాట వదిలేద్దాం.

పొద్దున్నే ఏడో నంబరు వస్తోంది. చూస్తున్నాను. సముద్రం మానేశాక ఎంత నిమ్మదించిందో చూడు, తడబాటు కూడా తగ్గింది. మాత్రలూ విశ్రాంతీ పనిచేస్తున్నాయి. పెట్టెలోని అదురంతా తెప్పించుకుని మళ్ళీ చూడొచ్చు, కానీ చూడలేదు. నిన్ను ఇంకోసారి అనుమానించడం నావల్ల కాదు.

చంద్రమాన సంవత్సరాదికి సెలవు పెట్టాను. వస్తాను, ఉంటాను. నీకు వినికిడి యంత్రం కొన్నాను, పెట్టుకోకపోతే ఊరుకోను. చలిమంట దగ్గర ఇద్దరం కూర్చుని, మునిగేవాళ్ళని చూస్తూ చిలగడదుంపలు కాల్చుకు తిందాం. ఒడ్డు మీద కూర్చోవడం అంత చెడ్డదేం కాదని నీకు చూపిస్తాను.

నీ
బోరమ్

~

గల్‌మొరి
ఫిబ్రవరి

బోరమ్‌కి ఉన్‌జా అత్త రాసేది,

నేను ఎప్పుడూ ఎవరికీ ఉత్తరం రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకు.

అక్కని సాగనంపిన మూడు రోజులూ నువ్వు నాతో మాట్లాడలేదు. నేనూ నీ ఎదురుగా రాలేకపోయాను. నువ్వు వెళ్ళిపోయాక అక్క ఇల్లు ఊడ్చాను. నువ్వు తెచ్చిన వినికిడి యంత్రం డబ్బా బల్ల మీదే ఉంది. తీయలేదు.

నీకు చెప్పాల్సింది ఉంది. అక్క సముద్రం మానలేదు. బెల్టు అటకెక్కించింది నిజమే, నాలుగు రోజులు కాగానే దించింది. సంఘం వాళ్ళు దిగని రోజుల్లో, అలలు ఎక్కువని అందరూ ఇళ్ళల్లో ఉన్న పొద్దుటి పూట గోడ పక్క సందులోంచి మా ఇంటికి వచ్చేది. పట్టీ నా ఛాతీకి అంటించి, “పిల్ల లేచి చూసుకుంటుంది, నువ్వు కదలకుండా కూర్చో” అనేది. తను నల్లబండ వైపు వెళ్ళేది.

“నేనూ వస్తా అక్కా, ఒంటరిగా దిగకూడదు” అని కాళ్ళు పట్టుకున్నాను.

“నువ్వొస్తే పిల్లకి గుండె ఎవరు చూపిస్తారే?” అంది.

నేను అక్కడే వంటింట్లో కూర్చునేదాన్ని. కదిలితే లెక్క చెడుతుందని గిన్నెలు కూడా తోమేదాన్ని కాదు. ఇన్నేళ్ళూ అక్క తేలే చోట నేను తేలాను. నీ పట్టీ నన్ను ఇంట్లో కట్టేసింది. నిన్ను అనడం లేదు. పట్టీని అంటున్నాను.

అక్క పోయిన రోజు చేపల పడవ వాళ్ళు బుర్ర ఒక్కటే తేలుతుంటే చూసి దగ్గరికి వెళ్ళారు. అక్క నల్లబండ కిందే ఉందట, మీ అమ్మ దొరికిన చోటికి దగ్గర్లోనే. అరుపులు విని నేను ఒడ్డుకి పరిగెత్తాను. అక్క వలసంచి నిండా నత్తలు. అన్ని నత్తలు ఈ మధ్య మాలో ఎవరికీ దొరకలేదు. నేను వేయాల్సిన పని లేకపోయింది.

గ్యోంగ్‌రే అక్క నీకు ఫోన్ చేస్తుంటే నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఫోన్‌లోంచి నీ మాట నాకు వినపడింది. “లేదు పెద్దమ్మా, మీరు ఎవర్నో చూసి పిన్ని అనుకుంటున్నారు. ఏడో నంబరు నా ఎదురుగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. పరిగెత్తినట్టు కొట్టుకుంటోంది, నేను చూస్తున్నాను” అన్నావు. మళ్ళీ మళ్ళీ అదే అన్నావు. బోరమ్, పట్టీ నా ఛాతీ మీద ఉంది. తీయడం మర్చిపోయి పరిగెత్తాను. నువ్వు చూసింది నన్ను.

ఆ రోజు తీసెయ్యాల్సింది. తీయలేదు. ఇప్పటికీ నా మీదే ఉంది. సంఘం వాళ్ళందరూ పట్టీలు తిరిగి ఇచ్చేశారు, మా ఊరికి ఇంక వద్దన్నారు. కానీ షెడ్డు మీద పెట్టె ఆపమని నువ్వు చెప్పలేదట, గ్యోంగ్‌రే అక్క అంది. అంటే నువ్వు పొద్దున్నే చూస్తున్నావనుకుంటున్నాను. అందుకని నువ్వు లేచే వేళకి వంటింట్లో కదలకుండా కూర్చుంటున్నాను. తీసేస్తే నీ తెర మీద అక్క నంబరు ఆగిపోతుంది. అది ఆగడం నువ్వు చూడాల్సి వస్తుంది. తీయడానికి నాకు చేతులు రావడం లేదు.

తీసెయ్యమంటావా? ఉంచమంటావా? ఒక్క ముక్క రాయి.

ఉన్‌జా